నల్లరాతి చుట్టరికం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, బిలాస్‌పూర్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న మస్తూరీలో నివసించేవారికి ఆ సామెతలో అతిశయోక్తి ఏమీ కనిపించదు. జూన్ మొదటి వారంలో అక్కడ ఎండ 45 డిగ్రీల పరిసరాల్లో కాస్తూ ఉంటుంది. కన్హార్ అని పిలిచే నల్లనేలలు నెరలు విచ్చి వానకోసం ఎదురుచూస్తూ ఉంటాయి. మధ్యాహ్నం వీథుల్లో మనిషి అలికిడి ఉండదు.

ఇటీవల అటువంటి ఒక మధ్యాహ్నం, ఆ ఊరిలోని ఒక ఇంటి వసారాలో సామాను జాబితా తయారవుతున్నది. ఆ ఇంటి యజమాని రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న తెలుగువారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వారి తాత గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరు ప్రాంతం నుంచి కొలువుకోసం బిలాస్‌పూర్ వచ్చాడు. ఆ విధంగా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ రైల్వే పట్టణంలో అనేకం. ఇన్‌స్పెక్టరుగారు పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసింది అంతా ఆ పట్టాల వెంబడే. ఇప్పుడు పూనాలో ఇంజనీరుగా ఉన్న కుమారుడు తల్లిదండ్రులను తన దగ్గరికి తీసుకుపోవడానికి వచ్చాడు.

జాబితా పెరటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. అక్కడ నున్నగా అరిగిన ఒక నల్లని సన్నికల్లు, దాని పొత్రం ఉన్నాయి.

“నాన్నా, అయిదో అంతస్తులో ఉంటాం. ఇంట్లో మిక్సీ ఉంది. ఈ రాయిని కదిలించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. దీన్ని ఇక్కడే వదిలేద్దాం” అన్నాడు కుమారుడు.

ఆ మాటలో తప్పు లేదు. అయితే ఆ రాయి ఇన్‌స్పెక్టరుగారి నాయనమ్మ కొవ్వూరు నుంచి రైలులో తెచ్చుకున్నది. వారి తల్లి పెళ్ళిలోనూ, వారి భార్య పెళ్ళిలోనూ వధువు పాదం ఆనిన సన్నికల్లు అదే. ఆయన మాత్రం అవునని గానీ కాదని గానీ అనలేదు. మర్నాడే ప్రయాణం. ఇల్లు ఖాళీ చేసే లోపల తల్లిదండ్రులను ఒక వారం రోజులు ఎక్కడికైనా తిప్పి తీసుకురావాలని కుమారుడు ముందే టిక్కెట్లు కొన్నాడు. వెళ్ళేది మారిషస్‌కు. రాయి సంగతి తిరిగి వచ్చాక చూసుకోవచ్చుననుకున్నారు.

బొంబాయి నుంచి ఆరు గంటల విమాన ప్రయాణం. కిటికీలోంచి మొదట కనిపించింది దీవి కాదు, దాని చుట్టూ సముద్రంలో గీసినట్లున్న తెల్లని నురుగు గీత. ఆ గీతకు వెలుపల నీరు ముదురు నీలం. లోపల లేత పచ్చ. ఆ పచ్చటి నీటి నడుమ, చెరకు తోటలమీద కోసుగా లేచిన కొండలతో, 1,865 చదరపు కిలోమీటర్ల వైశాల్యంగల ఒక చిన్న భూఖండం. దిగగానే చల్లగాలి ముఖానికి తగిలింది. ఇన్‌స్పెక్టరుగారి భార్య పైటకొంగు భుజాల చుట్టూ కప్పుకున్నారు.

బిలాస్‌పూర్ భూమధ్యరేఖకు 22 డిగ్రీలు ఉత్తరాన ఉంది. మారిషస్ ఇంచుమించు అంతే దూరంలో, 20 డిగ్రీలు దక్షిణాన ఉంది. అందువల్ల కాలాలు తలకిందులు. మనకు వేసవి ముగిసే వేళకు అక్కడ శీతకాలం ప్రవేశిస్తుంది. అయితే చుట్టూ ఉన్న సముద్రం వేడినీ చలినీ కూడా మితం తప్పనివ్వదు. అత్యంత వేడిగా ఉండే జనవరి, ఫిబ్రవరి నెలల్లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 29 డిగ్రీలు. అత్యంత చల్లగా ఉండే జూలై, ఆగస్టు నెలల్లో రాత్రి కనిష్ఠం సగటున 16 డిగ్రీలు. మస్తూరీలో ఒక్క సంవత్సరంలో చూసే వేడి, చలుల మధ్య అంతరంతో పోలిస్తే ఇది ఎంతో స్వల్పం. వసంతానికి స్వాగతం పలికే ఉగాది అక్కడ వేసవి వెళ్ళిపోతుండగా వస్తుంది. అయినా ఆ రోజు మారిషస్‌లో ప్రభుత్వ సెలవుదినం. సముద్రం దాటి వెళ్ళిన తెలుగువారు పంచాంగాన్ని వెంట తీసుకుపోయారు గానీ ఋతువులను తీసుకుపోలేకపోయారు.

విమానాశ్రయం దీవికి ఆగ్నేయ మూలన ఉంది. అక్కడినుంచి బయలుదేరిన కొద్దిసేపటికే ఇన్‌స్పెక్టరుగారి దృష్టి రోడ్డు పక్కన ఒక విచిత్ర దృశ్యం మీద నిలిచింది. ఏపుగా పెరిగిన చెరకు మడుల మధ్య, ఎవరో శ్రద్ధగా పేర్చినట్లు నల్లరాళ్ళ గుట్టలు. కొన్ని గోడల్లా పొడవుగా ఉన్నాయి; కొన్ని మెట్లు మెట్లుగా, దేవాలయ పీఠాల్లా ఉన్నాయి. ఆయన కారు ఆపించి దిగారు. ఒక రాయి చేతిలోకి తీసుకుని బరువు చూశారు. జీవితమంతా పట్టాల కింద పరిచే కంకరను పరీక్షించిన చేయి అది. ఈ రాయి గ్రానైటు కంటె బరువు. ముక్కలో అక్కడక్కడ సూదిబెజ్జాల వంటి రంధ్రాలు. బసాల్టు.

“ఈ గుట్టలు ఎవరు పెట్టారు?” అని హిందీలో అడిగారు.

కారు నడుపుతున్న వ్యక్తికి యాభై ఏళ్ళుంటాయి. అతడు మాట్లాడే భోజ్‌పురి, బిలాస్‌పూర్‌లో తలపండిన మనిషికి సులువుగానే అర్థమైంది. “మా తాతముత్తాతలు” అన్నాడతడు. “దీవి అంతా రాళ్ళే ఉండేవట. రాయి తీస్తేనే చెరకు. తీసిన రాయి ఎక్కడ వేస్తారు? చేలోనే ఒక పక్కన పేర్చారు.”

ఇన్‌స్పెక్టరుగారు అలవాటుకొద్దీ లెక్క కట్టారు. ఎదుట ఉన్న ఒక్క గుట్ట సుమారు 30 మీటర్ల పొడవు, అడుగున 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. నాలుగువందల టన్నులకు తక్కువ ఉండదు. అంటే ఏడెనిమిది వాగన్ల రాయి. ఆ ఒక్క చేలోనే అటువంటివి ఇంకా నాలుగు కనిపిస్తున్నాయి. తరువాతి కాలంలో యంత్రాలు వచ్చాయి గాని, మొదటి రాళ్ళను మోసినవి మనుషుల చేతులే. సెలవులు గడపడానికి వచ్చే యాత్రికులు సముద్రతీరపు తెల్లని ఇసుకను చూసి ఈ దీవిని స్వర్గమని పిలుస్తారు. ఆ స్వర్గాన్ని సాగులోకి తెచ్చినవారి శ్రమ ఇదిగో, ఇలా గుట్టలుగా పడి ఉంది.

ఇంతకూ ఈ రాళ్ళు ఎక్కడివి? ఆ ప్రశ్నకు సమాధానం దీవి నడుమ ఉన్న పీఠభూమి మీద, క్యూర్‌పీప్ పట్టణంలో కనిపిస్తుంది. అక్కడ ట్రూ ఓ సెర్ఫ్ అనే అగ్నిపర్వత బిలం ఉంది. మూడువందల మీటర్లకు పైగా వ్యాసం, సుమారు 80 మీటర్ల లోతు. ఇప్పుడది చెట్లతో నిండిన పెద్ద పచ్చని గిన్నె. అడుగున కాసిని నీళ్ళు. గట్టు చుట్టూ ఉదయం పూట జనం వ్యాయామంకోసం నడుస్తుంటారు.

మారిషస్ పూర్తిగా అగ్ని సంతానం. సుమారు 80, 90 లక్షల సంవత్సరాల క్రితం సముద్రగర్భం నుంచి లావా ఉబికి, పొర మీద పొర పేరుకొని నీటిపైకి లేచింది. ఆ మొదటి మహాపర్వతం కాలక్రమాన అరిగి కూలిపోగా దాని అంచులు మాత్రం మిగిలాయి. రాజధాని పోర్ట్ లూయిస్ వెనుక బొటనవేలిలా నిలబడ్డ ల పూస్, శిఖరాన గుండ్రాయిని మోస్తున్న పీటర్ బాత్, నైరుతి దిక్కున 828 మీటర్లతో దీవికంతటికీ ఎత్తయిన నల్లనది శిఖరం, ఇవన్నీ ఆ అంచుల అవశేషాలే. అటు తరువాత ఎన్నో లక్షల సంవత్సరాల విరామాలతో మరి రెండు పర్యాయాలు లావా పారి మధ్యభాగాన్ని నింపింది. చివరి ప్రవాహాలు చల్లారి కొన్ని పదుల వేల సంవత్సరాలు మాత్రమే అయింది. చెరకు చేలల్లోని రాళ్ళలో అధికభాగం ఈ కడపటి ప్రవాహాలవే. నేలగా మారడానికి వాటికి ఇంకా వ్యవధి చాలలేదు.

మారిషస్‌లో నిప్పు ఆరింది. కాని దానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, నైరుతిగా ఉన్న రీయూనియన్ దీవిలో పితోన్ ద ల ఫూర్నేజ్ అగ్నిపర్వతం నేటికీ తరచుగా నిప్పులు కక్కుతూనే ఉంది. భూగర్భంలో ఒకచోట నిలకడగా ఉన్న నిప్పుల ఊట మీదుగా సముద్రపు అడుగు పలక నెమ్మదిగా జరిగిపోతూ ఉంటుంది. ఊటకు నేరుగా పైన ఉన్న దీవి మండుతుంది. పక్కకు జరిగిన దీవి చల్లారుతుంది. కుమ్మరి ఆవం మీదినుంచి దింపిన కుండలా మారిషస్ ఈనాడు చల్లారి ఉంది.

ఆ పీఠభూమి మీద నిలబడినప్పుడే వాన మొదలయింది. ఉరుము లేదు, మెరుపు లేదు. సన్నటి తుంపర, వెంటనే ఎండ, మళ్ళీ తుంపర. “ఇక్కడింతే. గొడుగు మరచిపోతే ఆ రోజుకు చొక్కా తడిసినట్లే” అన్నాడు కారు అతడు.

దీనికి కారణం గాలి. ఆగ్నేయ దిశనుంచి ఏడాది పొడవునా వ్యాపార పవనాలు సముద్రం మీదుగా తేమను మోసుకొస్తాయి. ఆ గాలికి పీఠభూమి అడ్డు తగలగానే అది పైకి లేచి, చల్లబడి, వాన కురిపిస్తుంది. అందువల్ల తూర్పు తీరంలో సంవత్సరానికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వర్షం పడితే, పీఠభూమి మీద 4,000 వరకు పడుతుంది. కొండ దిగి పడమటి తీరానికి చేరేసరికి గాలిలో తేమ మిగలదు. అక్కడ 800 మాత్రమే. ఒక తీరం నుంచి మరొక తీరానికి కారులో గంటన్నర ప్రయాణంలో రాయలసీమనూ, చిరపుంజి ఛాయలనూ చూసినట్లుంటుంది. హోటళ్ళలో అనేకం ఎండ కాసే పడమటి, ఉత్తర తీరాలలో ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. అక్కడి స్నానానికీ, తోటలకూ కావలసిన నీరు మాత్రం ఎవరూ సెలవులు గడపని తడి పీఠభూమి నుంచే రావాలి. రంధ్రాల మయమైన లావా రాయి వాన నీటిని జల్లెడలా లోనికి దిగవిడిచి భూగర్భంలో దాస్తుంది. దీవి ప్రజలు తాగే నీటిలో సుమారు సగం ఆ దాపు నుంచి తోడుకునేదే.

క్యూర్‌పీప్ పెద్ద పట్టణం కావడానికి కూడా వాతావరణమే కారణం. 1866 నుంచి 1868 వరకు మలేరియా మహమ్మారి తీరప్రాంతాన్ని పీడించి వేలాది ప్రాణాలను బలిగొన్నది. కలిగినవారు పోర్ట్ లూయిస్ విడిచి చల్లని పీఠభూమికి ఎక్కారు. వారిని ఎక్కించింది రైలు. ఈ చిన్న దీవిలో 1864లోనే రైలు నడిచింది. మరుసటి ఏడు పీఠభూమి మీదుగా రెండవ మార్గం వేశారు. రోడ్ల పోటీకి నిలువలేక 1956లో ప్రయాణికుల రైళ్ళు, 1964లో సరకు రైళ్ళు నిలిచిపోయాయి. చాలావరకు ఆ పాత దారి వెంబడే వేసిన కొత్త మెట్రో రైలు 2022లో క్యూర్‌పీప్ చేరింది. ఇన్‌స్పెక్టరుగారు దానిలో కూర్చొని పోర్ట్ లూయిస్‌కు దిగుతూ, ఆ ఏటవాలును, ఆ వంపులను ముచ్చటగా గమనించారు. బిలాస్‌పూర్ నుంచి కట్ని వెళ్ళే మార్గంలో మైకల్ కొండలెక్కే చోట వానాకాలపు రాత్రులు ఆయన ట్రాలీ మీద గడిపినవారు. కొండదారిలో పట్టాలకు అసలు శత్రువు నీరని ఆయనకు తెలుసు.

నీటికన్న పెద్ద శత్రువు ఈ దీవికి మరొకటి ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు హిందూ మహాసముద్రంలో తుఫానుల కాలం. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుఫాను పోర్ట్ లూయిస్‌ను కూలదోసి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. 1960 ఫిబ్రవరిలో కెరోల్ తుఫాను గంటకు 256 కిలోమీటర్ల వేగంతో విసిరింది. పూరి, రేకు ఇళ్ళు వేల సంఖ్యలో ఎగిరిపోయాయి. నేడు మారిషస్‌లో పేదవాని ఇల్లయినా కాంక్రీటు పెట్టెలా ఉండడానికి కారణం ఆ రాత్రి నేర్పిన పాఠం. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ మళ్ళీ పరీక్ష పెట్టింది. చెరకు ఈ దీవిని ఇంతకాలం పోషించడంలోని రహస్యం కూడా ఇదే. పెనుగాలికి చెట్టు విరుగుతుంది; చెరకు వంగి మళ్ళీ లేస్తుంది.

ఇటీవలి కాలంలో ముప్పు గాలినుంచే కాక వాననుంచీ వస్తున్నది. 2013 మార్చి 30న కొద్ది గంటల్లో కురిసిన కుంభవృష్టికి పోర్ట్ లూయిస్‌లో పదకొండుమంది మరణించారు. 2024 జనవరిలో బెలాల్ తుఫాను అదే నగర వీథుల్లో కార్లను పడవల్లా తేల్చింది.

సముద్రం వైపు మాత్రం దీవికి ఒక ప్రాకారం ఉంది. విమానంలోంచి కనిపించిన తెల్లని నురుగు గీత అదే. దీవి చుట్టూ సుమారు 150 కిలోమీటర్ల పొడవున పగడపు గోడ ఉంది. అలలు ఆ గోడకు కొట్టుకొని విరిగిపోగా, లోపలి నీరు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. నల్లరాతి దీవికి తెల్లని ఇసుక ఎలా వచ్చిందన్న ప్రశ్నకు కూడా సమాధానం ఆ గోడలోనే ఉంది. ఆ ఇసుక రాతి పొడి కాదు. పగడాల, గవ్వల పొడి. పగడపు పురుగు మంచినీటిలో బతకలేదు కనుక నదులు సముద్రంలో కలిసేచోట్ల గోడకు గండ్లు ఉంటాయి. దక్షిణాన గ్రి గ్రి వద్ద గోడ లేదు. అక్కడ మహాసముద్రం నేరుగా వచ్చి నల్లని చట్టులను కొడుతుంది. ఆ హోరు వింటే, గోడ లేకపోతే మిగతా దీవి గతి ఏమిటో ఊహించవచ్చు.

ఇళ్ళు కట్టడానికి ఆ పగడపు ఇసుకను తవ్వుకుంటూ పోతే గోడకే చేటని గ్రహించి 2001లో ఆ తవ్వకాన్ని నిషేధించారు. ఇప్పుడు నల్లరాతినే పొడిచేసి ఇసుకగా వాడుతున్నారు. 2020 జూలై 25న వకాషియో అనే ఓడ మహేబూర్ సమీపాన ఆ గోడమీదికి ఎక్కి చిక్కుకొన్నది. కొద్దిరోజులకు దానినుంచి సుమారు వెయ్యి టన్నుల చమురు నీటిలో కలిసింది. అప్పుడు దీవి ప్రజలు ఎవరి ఆజ్ఞకోసమూ ఎదురుచూడలేదు. ఎండిన చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కుక్కి, పొడవాటి దిండ్లుగా కుట్టి, నీటిమీద తేల్చి చమురుకు అడ్డుకట్ట వేశారు. తాతలు రాళ్ళు తీసి పెంచిన చెరకు, మనుమలకు సముద్రాన్ని కాపాడే గడ్డి అయింది.

నాలుగవ రోజు నైరుతి కొండల్లోని షమరెల్ చూశారు. యాత్రికులు ఫొటోలు తీసుకునే ఏడు రంగుల నేల అక్కడ ఉంది. బసాల్టు యుగాల తరబడి వానలో నాని మట్టిగా మారినప్పుడు కరగవలసినవి కరిగిపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. ఎరుపు, ఊదా, గోధుమ రంగులు వాటివి. ఆ మట్టిలో గడ్డి పోచ కూడా మొలవదు. ఇన్‌స్పెక్టరుగారికి ఛత్తీస్‌గఢ్‌లో భాటా అనే ఎర్రగరప నేలలు జ్ఞాపకం వచ్చాయి. “ఇటువంటి నేల మా దగ్గర ఎకరాల కొద్దీ ఉంది. ఎవరూ టిక్కెట్టు పెట్టలేదు” అని నవ్వారు.

మరునాడు పోర్ట్ లూయిస్ రేవులో నవ్వు రాలేదు. రేవు పక్కన ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1835లో రద్దయిన బానిసత్వం స్థానంలో చెరకు తోటల పనికి హిందూదేశం నుంచి ఒప్పందపు కూలీలను తెచ్చారు. 1834 నుంచి 1920 మధ్య దాదాపు అయిదు లక్షల మంది వచ్చారు. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు 5 రూపాయల జీతం, తిండి గింజలు. ఓడ దిగినవారు 16 రాతిమెట్లు ఎక్కి ఆ దీవిలో అడుగుపెట్టేవారు. ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో ఆ స్థలాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మెట్లు అరిగి నున్నబడి ఉన్నాయి. రాయి అదే నల్లరాయి.

తెలుగువారు 1830లలోనే రావడం మొదలుపెట్టారు. వారిలో అనేకులు గోదావరి సాగరసంగమం దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కినవారు. అందుకే అక్కడ తెలుగువారిని చాలాకాలం కోరంగీలని పిలిచారు. ఆ రేవును 1839 నాటి తుఫాను ఊడ్చిపెట్టింది. తుఫాను ఊరినుంచి బయలుదేరి తుఫాను దీవికి చేరినవారు వారు.

“మేమూ కోరంగీలమే” అన్నాడు కారు నడిపే వ్యక్తి, మెట్ల దగ్గర నిలబడి. ఇన్నాళ్ళుగా ఆ మాట చెప్పనేలేదు. అడిగితే, “మీరు తెలుగులో మాట్లాడతారేమో, జవాబు చెప్పలేనని భయం” అన్నాడు.

ఆ సాయంకాలం అతడు వారిని పీఠభూమి మీద ఉన్న తన ఇంటికి తీసుకువెళ్ళాడు. కాంక్రీటు ఇల్లు. గోడ మీద సింహాద్రి అప్పన్న పటం, ముందు దీపం. అతని తల్లికి ఎనభై ఏళ్ళు దాటాయి. ఇంటి వెనుక చావడిలో కూర్చొని కొబ్బరి పచ్చడి నూరుతున్నది. ఆమె ముందు ఉన్నది నల్లరాతి పలక, దానిమీద నిడుపాటి రాతి పొత్రం.

ఇన్‌స్పెక్టరుగారి భార్య అక్కడే ఆగిపోయారు. “సన్నికల్లు!” అన్నారు.

ముసలమ్మకు ఆ మాట తెలియదు. క్రియోల్‌లో దానిని రోస్ కారీ అంటారని, పొత్రాన్ని దాని బిడ్డ అనే అర్థంలో బాబా అంటారని కొడుకు చెప్పాడు. ఆ దీవిలో అన్ని జాతులవారి ఇళ్ళలోనూ ఆ రాయి ఉండేదట. ముసలమ్మ నూరడం ముగించి, నీళ్ళతో రాయి కడిగి, తడి వేళ్ళు కళ్ళకు అద్దుకున్నది. ఆ పని ఆమెకు ఎవరు నేర్పారని అడగవలసిన అవసరం లేకపోయింది. మాట పోయింది, చేయి మరచిపోలేదు.

తరువాత అతడు ఒక పాత నోటుపుస్తకం తెచ్చాడు. రామభజన రాత్రి పాడే తెలుగు పాటలను తండ్రి దానిలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్నాడు. బడుల్లో తెలుగు నేర్పుతున్నారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలోనూ తెలుగు శాఖ ఉంది. కాని అతడు చిన్నతనంలో చదువుకోలేదు. ఒక పాట పైకి చదివాడు. ఉచ్చారణ కాస్త వంకరగా ఉన్నా ప్రతి మాటా అర్థమవుతూనే ఉంది, చదివిన అతనికి తప్ప.

ఇన్‌స్పెక్టరుగారి కుమారుడు పుస్తకం అందుకొని తడుముకోకుండా మరొక పాట చదివాడు. అది విని తండ్రి తలవంచుకున్నారు. ఆ పుస్తకంలో తెలుగు లిపిలో ఉండి ఉంటే తన కొడుకు చదవలేకపోయేవాడు. బిలాస్‌పూర్‌లో అతడు చదివింది హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, రాయలేడు. పూనాలో మనుమలకు ఆ మాటలు కూడా అంతంతమాత్రమే. ఆ ముసలమ్మ కుటుంబానికి పట్టిన దారి ఆరు తరాలది. తన ఇంట్లో అది మూడు తరాలకే సగం పూర్తయింది. సముద్రం దాటితేనే భాష దూరమవుతుందని ఇంతకాలం ఆయన అనుకున్నారు. రైలు దిగకుండానే అంత దూరం పోవచ్చునని ఆ రాత్రి తెలిసింది.

ముసలమ్మ ఇంటి రాయి ఆయనకు మరొక సంగతి కూడా జ్ఞాపకం చేసింది. కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీలలో కొట్టే నల్లరాయి కూడా బసాల్టే. గోదావరికి ఆవలి ఒడ్డున రాజమండ్రి దగ్గరి కాతేరు వైపు కూడా అది బయటపడుతుంది. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పడమటి హిందూదేశంలో పొంగి దక్కను పీఠభూమిని కప్పిన లావా, పురాతన నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడిదాకా వచ్చిందని శాస్త్రజ్ఞులు ఆ రాళ్ళ రసాయన లక్షణాలను బట్టి నిర్ణయించారు. ఇన్‌స్పెక్టరుగారు పట్టాలు చూసుకున్న పెండ్రా రోడ్డుకు ఎగువన, నర్మద పుట్టే అమరకంటకంలోని నల్లరాయి కూడా ఆ దక్కను లావాదే. ఆ లావాను పొంగించిన నిప్పుల ఊటే, అనంతరం హిందూదేశం ఉత్తరానికి జరిగిపోగా, సముద్రంలో ఒక దాని తరువాత ఒకటిగా లక్షదీవులు, మాల్దీవుల పునాదులను, ఆ తరువాత మారిషస్‌ను, ఇప్పుడు రీయూనియన్‌ను సృష్టించిందని అత్యధికులైన భూశాస్త్రవేత్తల అభిప్రాయం. ఇంతకంటె వింత 2017లో బయటపడింది. మారిషస్ రాళ్ళలో 300 కోట్ల సంవత్సరాల వయసుగల జిర్కాన్ స్ఫటికాలు దొరికాయి. దీవి వయసు కోటి సంవత్సరాలైనా లేదు. కనుక, హిందూదేశం, మడగాస్కర్ కలిసి ఉన్ననాటి ఒక ప్రాచీన భూఖండపు ముక్క ఆ దీవి కింద మునిగి ఉన్నదని, లావా పైకి వస్తూ దాని రేణువులను మోసుకొచ్చిందని పరిశోధకులు భావించారు.

కోరంగిలో ఓడ ఎక్కినవారికి ఇదేమీ తెలియదు. తమ ఊరి ఎగువన ఉన్న నల్లరాతికి చెల్లెలి వంటి రాతిమీదికి పోతున్నామని వారు అనుకోలేదు. ఆకలి తరిమితే పోయారు. వెళ్ళినచోట ఆ రాతినే తవ్వారు, మోశారు, గుట్టలు పేర్చారు. అందులో మంచి పలకను ఏరి ఇంటికి తెచ్చుకొని పచ్చడి నూరుకున్నారు. పరాయి నేల సొంత నేల అయింది అప్పుడే కాబోలు.

వారం ముగిసి మస్తూరీ చేరిన మూడో రోజున తొలకరి పడింది. నెరలు విచ్చిన కన్హార్ నేల చప్పుడు లేకుండా నీటిని మింగింది. ఇంటి ముందు లారీ నిలిచి ఉంది. కూలీలు పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఇన్‌స్పెక్టరుగారు పెరటి గుమ్మంలో కూర్చొని చూస్తున్నారు. రాయిని గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

కుమారుడు జాబితా పట్టుకొని వచ్చి, పక్కనే చతికిలబడ్డాడు. వానకు తడిసి సన్నికల్లు నిగనిగలాడుతున్నది.

“నాన్నా, దీని పేరు ఎలా రాయాలి?” అన్నాడు.

“ఏ భాషలో?”

“తెలుగులోనే. మీరు పక్కన రాసి చూపించండి. నేను దిద్దుకుంటాను.”

ఇన్‌స్పెక్టరుగారు కలం తీసుకున్నారు. జాబితా చివర, హిందీలో రాసిన ముప్పైరెండు వస్తువుల కింద, ముప్పైమూడవది రెండుసార్లు ఉంది: ఒకసారి గుండ్రంగా, కుదురుగా, ఒకసారి వంకరటింకరగా, పసివాని చేతిరాతలా. సన్నికల్లు, పొత్రం.

దానిని లారీ ఎక్కించడానికి నిజంగానే ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఒక పక్క కొడుకు పట్టాడు.